మూకుడు పెట్టిన ఎండాకాలం

మా అత్త రామవ్వ దయ్యాలను నమ్మేది కాదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "దయ్యం లేదు గియ్యం లేదు, తిన్నది అరగకనే ఈ ముచ్చట్లు" అని కసిరేది. చచ్చిపోయిన మా మామ మాత్రం పొద్దుగూకే వేళకు రోజూ ఇంటికి వస్తున్నాడని నమ్మేది. వచ్చిన మనిషికి కాళ్లు కడుక్కోను నీళ్లు లేకపోతే ఎట్లా అని గడప పక్కన ఇత్తడి చెంబు నింపి పెట్టేది. తెల్లారి ఆ నీళ్లు నేను తీసి బర్రెల కుడితిలో కలిపేదాన్ని. అడిగేది ఆమె కాదు, చెప్పేది నేను కాదు. అట్లా రెండేళ్లు గడిచాయి.

జర్మనోళ్ల లడాయి మొదలయ్యాక వచ్చిన రెండో ఎండాకాలం సంగతి ఇది. మాది లింగంపేట దగ్గర ఊరు. అటు పోతే ఎల్లారెడ్డి, ఇటు పోతే అడవి దాటి కామారెడ్డి. అంతకు కొన్నేళ్ల ముందు, నా మొదటి కాన్పుకు నొప్పులు తిరగబడితే నన్ను ఎడ్లబండిలో కామారెడ్డి దవాఖానకు తీసుకుపోతుండగా, సగం దారిలో అడవిలోనే బిడ్డ పుట్టాడు. ఏడవలేదు. మామ భూమయ్య ఆ బిడ్డను తన కండువాలో చుట్టుకుని చెట్లలోకి నడిచి, కొంతసేపటికి ఒట్టి చేతులతో తిరిగి వచ్చాడు. ఎక్కడ పెట్టాడో నేను అడగలేదు. అడిగితే ఆ చోటు కోసం జీవితమంతా వెతుక్కుంటానని భయపడ్డాను.

ఆ ఏడు పంట చేతికి రాగానే, ఎల్లారెడ్డి నుంచి బదిలీ అయి వెళ్లిపోతున్న ఒక సర్కారీ ఉద్యోగి దగ్గర మామ పాత మోటారు కారు కొన్నాడు. ఊరు ఊరంతా నవ్వింది. "నాగలి పట్టేటోనికి మోటారెందుకు పటేలా?" అని మొహం మీదే అడిగారు. "నాకు గాదు, మా కోడలికి. ఇంకోపారి ఆ పిల్ల బండెక్కొద్దు" అన్నాడు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. పుట్టింటివాళ్లు కూడా నా గురించి అంత మాట ఎప్పుడూ అనలేదు.

కొన్న కొత్తలోనే ఆ మోటారు వెనక చక్రంలోంచి ఒక చప్పుడు మొదలైంది. ఇసుర్రాయిలో గులకరాయి పడితే ఎట్లా గరగరమంటుందో అట్లా. మామ దాన్ని బాగు చేయించలేదు. "ఉండనీ, నేనొస్తున్ననని మీకు ఎరుకైతది గద" అని నవ్వేవాడు. నిజమే, ఊరి పొలిమేరలో ఉండగానే వినబడేది. అత్త వెంటనే చెంబు నింపేది, నేను పొయ్యి ఎగదోసేదాన్ని.

ఒక సాయంత్రం చప్పుడు వచ్చింది, వాకిట్లో ఆగింది, మామ మాత్రం లోపలికి రాలేదు. అత్త చెంబు పట్టుకుని గడపలో చాలాసేపు నిలబడి, "ఏంది, దిగవా?" అని విసుక్కుంటూ వెళ్లి చూసింది. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కూర్చునే ఉన్నాడు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ప్రాణం మాత్రం లేదు.

అప్పటి నుంచి మోటారు కొట్టంలో పడి ఉంది. టైర్లు చెడిపోకుండా దాన్ని బండల మీదికి ఎత్తి పెట్టారు. కోళ్లు వెనక సీట్లో గుడ్లు పెట్టుకునేవి. పొద్దుగూకే ముందు అత్త ఒక్కతే అక్కడికి పోయి ఆ వెనక చక్రాన్ని చేత్తో తిప్పేది. గర్ర్ మనేది. ఇంట్లోకి వచ్చి చెంబు నింపేది. చూసినవాళ్లు పిచ్చి అనుకునేవారు. నేనూ మొదట అట్లాగే అనుకున్నాను.

మా దిక్కు ఇంట్లో మనిషి పోతే పొయ్యి మీద నూనె మూకుడు పెట్టరు. కూరలో తాలింపు వరకు సరే, నూనె కాగబెట్టి ఏదీ గోలించకూడదు. సంవత్సరీకం అయ్యాక ఇంటి పెద్దావిడ తన చేతితో మూకుడు పెట్టి, గారెలు చేసి, పోయినవారి పేరున విస్తరి వేస్తుంది. దాంతో దుఃఖం తీరినట్టు లెక్క, ఇంట్లో మళ్లీ పండగలు మొదలవుతాయి. మామ సంవత్సరీకం వచ్చింది, పోయింది. అత్త మూకుడు బోర్లించే ఉంచింది. రెండో ఏడూ అంతే. చుట్టాలు వచ్చి చెప్పి చూశారు. "మనిషి పోతే గద మూకుడు పెట్టేది" అని వాళ్ల నోళ్లు మూయించింది.

ఈ స్థితిలో నాకు మళ్లీ నెల తప్పింది.

ఏడో నెలలో మంత్రసాని ఎంకవ్వ నా కడుపు మీద చేతులు పెట్టి చూసి, నాతో ఏమీ అనకుండా బయటికి వెళ్లి మా ఆయనతో మాట్లాడింది. మొగుడి పేరు నేను చెప్పను గానీ, అత్త సాయిలూ అని పిలుస్తుంటుంది కదా, మీకే తెలుస్తుంది. బిడ్డ అడ్డంగా ఉంది, పోయినసారి లాగే ఉంది, నొప్పులు మొదలైన వెంటనే కామారెడ్డిలో ఉంటేనే ఇద్దరం దక్కుతామని ఎంకవ్వ చెప్పింది. లడాయి వల్ల పెట్రోలు కరువై బస్సు రోజూ నడవడం లేదు. ముందుగానే పోయి ఉందామంటే కామారెడ్డిలో మాకు తలదాచుకునే చుట్టం లేడు. ఎడ్లబండి సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు.

మా ఆయన ఆ రోజే ఎల్లారెడ్డి పోయి మొయినుద్దీన్ మామను తీసుకొచ్చాడు. ఆయన లారీ నడిపేవాడు, మోటార్లు బాగు చేసేవాడు. మామకు తమ్ముడి లెక్క, అత్తను వదినె అనేవాడు. కొట్టంలోకి పోయి చక్రం ఊడదీసి, లోపలి ఇరుసు బయటికి లాగి, దాని మీద ఉన్న ఇనుప కడియం మాకు చూపించాడు. రెండు కడియాలు ఒకదాంట్లో ఒకటి, మధ్యలో గుండ్లు.

"ఇదే బేరింగు. గుండ్లు అరిగినయి, అందుకే ఆ చప్పుడు. గిట్లనే అడవిల తోలితే చక్రం ఊడి మీద పడ్తది" అన్నాడు. "కొత్తది నా తాన ఒకటున్నది. గని ఇరుసు మీద మస్తు బిగువుగ కూసుంటది. చేతితోని ఎక్కది. సుత్తెతోని కొడితే గుండ్లు కరాబైతయి. నూనె కాగబెట్టి దాంట్ల ఏలాడదీస్తే కడియం జర ఉబ్బుతది. అప్పుడు తీసి ఎక్కిస్తే దానంతట అదే జారి కూసుంటది. సల్లారినంక పట్టుకుంటది చూడు, ఇగ ఇడువది."

నూనె కాగబెట్టడం అనగానే మేమిద్దరం అత్త వైపు చూశాం. ఆమె ఆ మాట విన్నట్టే లేదు.

"ఆ చప్పుడు తీసేస్తవా మొయినూ?" అంది.

"తియ్యకపోతే ఎట్ల వదినె?"

"మరి ఆయన వచ్చింది నాకెట్ల తెలుస్తది?"

మొయినుద్దీన్ మామ తల వంచుకున్నాడు. చేతిలోని గుడ్డతో ఇరుసును తుడవడం మొదలుపెట్టి, తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడిచాడు.

"ఈ ఇంట్ల నూనె మూకుడు పెట్ట" అంది అత్త. "ఇరుసు మీ ఇంటికి తీస్కపోయి చేస్తమంటరేమో. ఆ మోటారు సామాను ఒక్కటి గడప దాటితే నేను బాయిల దుంకుత."

అన్నంత పనీ చేసే మనిషి. మొయినుద్దీన్ మామకు తెల్లారే నిజామాబాదుకు లారీ తోలుకుని పోయే పని ఉంది. బేరింగు మా ఆయన చేతిలో పెట్టి, "మీ అవ్వను మెల్లగ ఒప్పియ్యి" అని చెప్పి పోయాడు.

మా ఆయన తల్లికి ఎదురు చెప్పలేడు, పెళ్లానికి జవాబు చెప్పలేడు. ముందు నుయ్యి వెనక గొయ్యి. చివరికి ఒక ఉపాయం తోచింది. బండి చక్రానికి ఇనుప పట్టా ఎట్లా ఎక్కిస్తారు? పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చెక్క చక్రం మీద వేసి, నీళ్లు కుమ్మరిస్తారు. పట్టా బిగుసుకుంటుంది. ఇదీ ఇనుమే, అదీ ఇనుమే, మంటకు నూనె ఎందుకు అనుకున్నాడు. ఊళ్లో ఎవరిని అడిగినా అదే చెప్పి ఉండేవారు. కొట్టం వెనక పిడకలు పేర్చి బేరింగును నిప్పుల్లో పెట్టాడు. అది నీలంగా మారాక పటకారుతో తీసి ఇరుసు మీద వేశాడు. జారి కూర్చుంది. మీద నీళ్లు పోస్తే చుయ్యిమని పొగ లేచింది. మా ఆయన మొహం చూడాలి అప్పుడు, పెళ్లికొడుకు కూడా అంత వెలిగిపోడు.

చక్రం బిగించి, తండ్రి దగ్గర నేర్చుకున్నట్టు మా ఆయనే తోలితే మోటారు కదిలింది. ఒక్క చప్పుడు లేదు. ఊరి చివరి దాకా పోయి మెత్తగా తిరిగి వచ్చింది. ఆ సాయంత్రం అత్త చెంబు నింపి గడపలో కూర్చుంది. చీకటి పడింది. ఆమె అన్నం ముట్టలేదు. నేను పిలిస్తే, "ఇంక రాలే" అంది. ఆ గొంతు వింటే ఎంత కోపం ఉన్నా కరిగిపోతుంది. నాకూ ఏడుపొచ్చింది.

మర్నాడు మా ఆయన సంబరంగా ఎల్లారెడ్డి దాకా పోయాడు. మధ్యాహ్నం నేను వాకిట్లో చింతపండు ఒలుస్తుంటే పొలిమేర నుంచి వినబడింది. గర్ర్. గర్ర్. పాత చప్పుడే, పాతదానికంటే పెద్దగా. నా చేతులు వాటంతట అవే ఆగిపోయాయి. అత్త లోపలి నుంచి పరుగున వచ్చి, రెండేళ్లలో మొదటిసారి నవ్వింది.

"చూసినవా మంగవ్వా? పోలే. యాడికి పోతడు?"

మోటారు వచ్చి ఆగింది. దిగిన మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఊరంతా కొట్టం ముందు గుమికూడింది. భూమయ్య ఆ మోటారును విడవడని ఒకరు, కొత్త ఇనుములో కూడా వచ్చి కూర్చున్నాడని ఒకరు.  కడుపులో బిడ్డ అటూ ఇటూ కదిలింది. నాకు భయం వేసింది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు. నన్ను కూతురిలా చూసుకున్న మనిషంటే భయం వేసింది.

మా ఆయన మళ్లీ చక్రం ఊడదీశాడు. బేరింగు లోపల గుండ్లు, కడియాలు అన్నీ గీతలు పడి నాశనమయ్యాయి. నిజామాబాదు నుంచి వచ్చిన మొయినుద్దీన్ మామకు కబురు పోయింది. ఆయన ఆ నీలం రంగు చూడగానే నెత్తి కొట్టుకున్నాడు. "నిప్పుల పెడితే ఇనుము మెత్తగైతది బేటా. నూనె అంటే నూనెనే" అని, ఎక్కడో మూలపడ్డ లారీ నుంచి ఇంకొకటి ఊడదీసి తెస్తానన్నాడు. ఇదీ పోతే లడాయి అయిపోయేదాకా మరొకటి దొరకదని చెప్పి వెళ్లాడు.

ఆయన కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం నేనూ అత్తా వాకిట్లో బియ్యం చెరుగుతున్నాం. ఇరుసు విడిగా గోడకు ఆనించి ఉంది, చక్రం దూరంగా నేల మీద పడి ఉంది. కొట్టంలో ఎవరూ లేరు. అప్పుడు వచ్చింది ఆ చప్పుడు, పొలిమేర వైపు నుంచి, మెల్లగా, దగ్గరవుతూ. వాకిలి దాకా వచ్చి ఆగింది.

అత్త నా వైపు చూసింది. "ఇన్నవా?"

విన్నాను. ఇప్పటికీ చెప్తున్నాను, విన్నాను. గాలి కావచ్చు, ఎవరింట్లోనో ఇసుర్రాయి కావచ్చు, నా బెదురే కావచ్చు. చేట కింద పెట్టేశాను. భయం నెత్తికెక్కితే కోపమే వస్తుంది నాకు.

"ఇన్న అత్తా. రోజు ఎందుకస్తున్నడో నువ్వెప్పుడన్న అడిగినవా?" అన్నాను. "ఆ మోటారు ఎవ్వరికోసం కొన్నడు మామ? నీ చెంబు నీళ్లకా? నేను మల్ల ఆ అడవిల బండి మీద కనాల్నా? ఈ బిడ్డను ఎత్తుకపోను ఇప్పుడు మామ గూడ లేడు."

అత్తకు ఎదురు మాట్లాడటం అదే మొదలు. ఆమె చెరిగిన బియ్యమే మళ్లీ చెరిగింది. నూకలు, బియ్యం కలిసిపోయాయి.

మొయినుద్దీన్ మామ వస్తానన్న రోజు పొద్దున నేను వంటింట్లోకి పోయేసరికి, పొయ్యి పక్కన గిన్నెలో మినపపప్పు నానుతూ ఉంది. రాత్రే పోసి ఉంచింది. నేను గిన్నె మీద మూత సరిచేసి, ఏమీ ఎరగనట్టు బర్రెల దగ్గరికి పోయాను.

ఆయన వచ్చేసరికి అత్త తలస్నానం చేసి, పప్పు రుబ్బి, ఇనుప మూకుడు తోమి పొయ్యి మీద పెట్టి ఉంది. రెండేళ్ల తర్వాత మా ఇంట్లో నూనె కాగే వాసన వచ్చింది. పక్కింటి ఆడవాళ్లు గోడ మీంచి తొంగి చూశారు. మా ఆయన బేరింగు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "అవ్వా, ఇది ఎయ్యనా?" అని అడిగాడు.

"ఆగు. ముందుగాల ఇనుము ఏస్తరా ఎవ్వలన్న? ఆయనకు పెట్టినంక నీ పని."

మొదటి వాయి గారెలు తీసి విస్తరిలో పెట్టి, మామ పేరు చెప్పి, ఆ విస్తరిని మోటారు ముందు సీటు మీద పెట్టి వచ్చింది.  మామకు ఇష్టమైన వంట అది. చల్లారకముందే నోట్లో వేసుకుని ఉఫ్ ఉఫ్ అనేవాడు.

"ఇగ తే" అంది.

మొయినుద్దీన్ మామ బేరింగును తీగకు కట్టి, అడుగుకు తగలకుండా నూనెలో వేలాడదీశాడు. "పొగ రావొద్దు వదినె, సన్నమంట మీదనే ఉండాలె" అన్నాడు. అత్త కట్టెలు వెనక్కి లాగింది. "గారెలు చేసేదానికి మంట గురించి చెప్తున్నడు వీడు" అని గొణుక్కుంది. ఆయన నవ్వాడు. ఆమె కూడా కొంచెం నవ్వినట్టే ఉంది.

ఇరుసును వాకిట్లో నిటారుగా నిలబెట్టి మా ఆయన పట్టుకున్నాడు. మొయినుద్దీన్ మామ అల్లాను తలచుకుని, పటకారుతో బేరింగును తీసి నూనె కారుతుండగానే తెచ్చి, ఇరుసు కొస మీద నిలిపి వదిలాడు. వేలికి ఉంగరం ఎక్కినట్టు జారింది. కింద ఇరుసు లావుగా ఉన్న మెట్టుకు తగిలి టక్కుమంది. గుడ్డ చుట్టిన చేతులతో దాన్ని అట్లాగే అదిమి పట్టుకుని చల్లారేదాకా ఉన్నాడు. తర్వాత లాగి చూశాడు, రాలేదు. ఆయన చేతులు బొబ్బలెక్కాయి. అత్త వాటికి వెన్న రాసి, సఫూరాకు ఇవ్వమని గారెలు మూట కట్టి ఇచ్చింది. సఫూరా ఆయన భార్య.

చక్రం బిగించాక అత్త వెళ్లి చేత్తో తిప్పింది. చాలాసేపు తిరిగింది అది, చప్పుడు లేకుండా. మళ్లీ తిప్పింది. చెవి దగ్గరగా పెట్టి విన్నది. ఆ ముసలి వీపు వణకడం నేను వెనక నుంచి చూశాను. దగ్గరికి పోలేదు. కొన్ని ఏడుపులకు తోడు పోకూడదు.

వానలు ఇంకా పడలేదు, రోహిణి ఎండలు మండుతున్నాయి. ఒక మధ్యాహ్నం నాకు నొప్పులు మొదలయ్యాయి. మా ఆయన దాచిన పెట్రోలు పోశాడు. ఎంకవ్వ ముందు సీట్లో కూర్చుంది. మామ పోయినప్పటి నుంచి ఊరు దాటని అత్త, ఎవరూ అడగకుండానే వచ్చి వెనక నా పక్కన కూర్చుంది.

అడవి మొదలయ్యాక నొప్పులు ఒకదాని మీద ఒకటి తన్నుకొచ్చాయి. అత్త నన్ను ఆనుకుని కూర్చుని ఉంది, మరీ ఆనుకుని. తనకు అటువైపు తలుపు దాకా ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. "జర అటు జరుగు అత్తా, ఊపిరాడ్తలేదు" అన్నాను. "జాగ లేదు బిడ్డా" అంది. నొప్పిలో ఉన్నాను కాబట్టి ఆ మాట ఏమిటో నాకు ఎక్కలేదు.

చాలా దూరం పోయాక, ఒక పక్క మోదుగు చెట్లు గుంపుగా ఉన్న చోట ఆమె ముందుకు వంగి కొడుకు భుజం తట్టింది.

"సాయిలూ, ఆపు."

"అవ్వా, ఇప్పుడా? పిల్ల పాణం పోతున్నది..."

"ఆపు బిడ్డా. మీ బాపు దిగుతడు."

మా ఆయన మోటారు ఆపాడు. ఎంకవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. అత్త చెయ్యి చాచి అటువైపు తలుపు తెరిచి పట్టుకుంది. ఎండుటాకులు గాలికి కదిలాయి. ఎవరో దిగుతుంటే కాళ్లకు అడ్డం లేకుండా ఆమె తన చీర కుచ్చెళ్లు దగ్గరికి తీసుకుంది.

"పిలగాడు ఒక్కడే ఉన్నడు ఈడ, పాపం" అంది నాతో, మామూలుగా, పక్కింటి సంగతి చెప్పినట్టు. "ఈయన తోడుంటడట."

నేను ఆ చెట్ల వైపు చూశాను. ఇన్నేళ్లు అడగని చోటు అదేనని తెలిసింది. ఏడవడానికి కూడా నాకు తీరిక లేదు, అప్పటికే ఇంకో నొప్పి మొదలైంది.

అత్త తలుపు వేసి, గట్టిగా పడిందో లేదో ఒకసారి లాగి చూసి, ఖాళీగా ఉన్న ఆ చివరికి జరిగి కూర్చుంది.

"ఇగ పోనియ్" అంది కొడుకుతో. తర్వాత నా కాళ్లు ఎత్తి తన ఒళ్లో పెట్టుకుంది. "సాపుకో బిడ్డా, ఇప్పుడు జాగ ఉన్నది."

కామారెడ్డిలో దీపాలు పెట్టే వేళకు దవాఖానలో మా సత్యమ్మ పుట్టింది. ఏడుస్తూనే పుట్టింది.